తలకు తీవ్ర గాయమైన అమెరికా మాజీ సైనికుడు: ఎస్‌ఎంసీ టి, కేర్‌గివర్ స్టైపెండ్, నర్సింగ్ హోమ్... ఏది మేలు?

అమెరికా సైన్యంలో తెలుగువాళ్లున్నారంటే మన ఊళ్లలో ఇప్పటికీ ఆశ్చర్యంగా చూస్తారు. మావ్నీ అనే పథకం కింద గ్రీన్ కార్డు లేని విద్యార్థులు కూడా నేరుగా సైన్యంలో చేరి పౌరసత్వం తెచ్చుకున్నారు. 2016లో ఆగిపోయేలోపు ఆ దారిన పదివేల మందికి పైగా చేరారు. సైన్యం కోరిన భాషల జాబితాలో భారతీయ భాషలు కూడా ఉండటంతో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మనవాళ్లు కొందరు యూనిఫాం వేసుకున్నారు. అమెరికాలోనే పుట్టి పెరిగి చేరిన పిల్లలు వేరే.

అలాంటి కుర్రాడికి శిక్షణలోనో, వాహనం బోల్తా పడో, పేలుడులోనో తలకు పెద్ద దెబ్బ తగిలిందనుకోండి. ప్రాణం దక్కిందన్న ఊరట తీరకముందే ఇంట్లోవాళ్ల మీద పథకాల పేర్లు వచ్చి పడతాయి. మాజీ సైనికుల శాఖ, అంటే వీఏ, ఇచ్చే ఎస్‌ఎంసీ టి, అంటే నెలనెలా వచ్చే ప్రత్యేక పరిహారంలో తల గాయం వాళ్ల మెట్టు, ఒకటి. ఇంట్లో చూసుకునేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే పీసీఏఎఫ్‌సీ ఇంకొకటి. నర్సింగ్ హోమ్‌లో చేర్చండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అనే దారి మూడోది. వీటికి తోడు ఇండియా నుంచి అత్తగారి ఫోను: "అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చెయ్యమ్మా, మేమందరం లేమా చూసుకోవడానికి?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట పట్టుకోవాల్సింది ఎస్‌ఎంసీ టి. పీసీఏఎఫ్‌సీ దానికి పోటీ కాదు, అర్హత ఉంటే రెండూ ఒకేసారి తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఒకటి వస్తోంది కదా అని రెండోదానికి అప్లై చేయనివాళ్లుంటారు. నర్సింగ్ హోమ్ చివరి మెట్టు. ఇండియా మాట విడిగా ఆలోచించాల్సిందే, అక్కడ లెక్క మొత్తం మారిపోతుంది.

అన్నిటికీ పునాది రేటింగ్, అంటే సర్వీసులో వచ్చిన గాయం ఎంత తీవ్రమో చూసి వీఏ వేసే శాతం. తల గాయాన్ని వీఏ 8045 అనే కోడ్ కింద కొలుస్తుంది. జ్ఞాపకశక్తి-ఏకాగ్రత, మంచిచెడ్డల నిర్ణయం, నలుగురిలో మెలగడం, సమయం-స్థలం తెలియడం, కాళ్లూచేతుల కదలిక, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, స్పృహ... ఇలా పది అంశాలున్నాయి. వీటిని కూడి సగటు తీయరు. ఏ ఒక్క అంశంలో పరిస్థితి ఎక్కువ తీవ్రంగా ఉందో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కదాంట్లో 'పూర్తి' అని తేలినా వంద శాతం, దాని కిందిదైన 3వ స్థాయి అని తేలితే 70 శాతం. అందుకే డాక్టర్ దగ్గర పది సమస్యలూ పైపైన చెప్పేకంటే, అన్నిటికంటే ఘోరంగా ఉన్న ఒకటి రెండింటిని ఉదాహరణలతో వివరంగా చెప్పడం మంచిది.

ఇంకో సంగతి. తల గాయాన్ని మొదటిసారి నిర్ధారించే పరీక్షను న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్, సైకియాట్రిస్టు, ఫిజియాట్రిస్టు (పునరావాస వైద్యుడు), ఈ నలుగురిలో ఎవరో ఒకరు చేయాలి. ఈ నియమం పాటించలేదని వీఏ 2016లో తనే ఒప్పుకుని, 24 వేల మందికి పైగా మాజీ సైనికులకు మళ్లీ పరీక్ష చేయించుకునే అవకాశం ఇచ్చింది. పాత ఫైలు ఉన్నవాళ్లు అప్పుడు పరీక్షించింది ఎవరో ఒకసారి తిరగేసి చూసుకోవాలి.

ఎల్ దగ్గర ఆగిపోకండి

వంద శాతం రేటింగ్ ఉండి, భార్యాపిల్లలు లేని మాజీ సైనికుడికి 2025 రేట్ల ప్రకారం నెలకు 3,831 డాలర్లు వస్తాయి. పక్కన మనిషి ఉంటే తప్ప రోజు గడవదని తేలితే, ఎస్‌ఎంసీలోనే కింది మెట్టయిన ఎల్ కింద అది 4,767 అవుతుంది. అదే ఎస్‌ఎంసీ టి అయితే 10,964 డాలర్లు. ఎల్‌కీ టి-కీ మధ్య తేడా నెలకు ఆరు వేల పైచిలుకు. ఏటా డెబ్బై వేలు దాటే ఈ తేడా ఒక్కోసారి డాక్టర్ రాసిన ఒకే ఒక్క వాక్యం దగ్గర తేలిపోతుంది.

ఆ వాక్యం ఏమిటంటే: ఇంట్లో ఈ సంరక్షణ లేకపోతే ఇతన్ని ఆసుపత్రిలోనో, నర్సింగ్ హోమ్‌లోనో, అలాంటి మరో సంస్థలోనో పెట్టాల్సి వస్తుంది. చట్టం టి-కి అడిగేది అదే. పక్కన మనిషి అవసరం ఉండాలి, ఆ అవసరం తల గాయం వల్లే వచ్చి ఉండాలి, మనిషి లేకపోతే సంస్థలో చేర్చక తప్పని పరిస్థితి ఉండాలి. 2010లో చట్టం చేసి, 2011 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన ఈ మెట్టు ప్రత్యేకంగా తల గాయం వాళ్ల కోసమే పెట్టింది. అంతకుముందు ఇంత డబ్బు రావాలంటే ఆర్2 అనే మెట్టు ఎక్కాలి. దానికి చేర్చే నియమాలు ఎక్కువగా కాళ్లూచేతులు, చూపు కోల్పోయినవాళ్ల లెక్కన పెట్టినవి. కాళ్లూచేతులు బాగానే ఉండి బుర్ర మాత్రం దెబ్బతిన్నవాళ్లు అందులో ఎక్కడా ఇమిడేవాళ్లు కాదు.

అసలు చిక్కంతా ఇక్కడే. మనిషి చూడ్డానికి బాగుంటాడు. పరీక్ష గదిలో డాక్టర్ అడుగుతాడు: "స్నానం నువ్వే చేస్తావా?" చేస్తానంటాడు. "వంట?" "కాఫీ పెట్టుకుంటాను." "డబ్బు లెక్కలు?" "చూసుకుంటాను." అన్నీ నమ్మకంగా చెబుతాడు, అబద్ధం ఆడుతున్నానని అతనికి తెలియదు కూడా. తన లోపం తనకే తెలియకపోవడం ఈ గాయంలో ఒక భాగం. బయట కుర్చీలో కూర్చున్న భార్యకు తెలుసు: స్నానానికి వెళ్లమని నాలుగుసార్లు చెప్పాలి, వెళ్లాక సబ్బు చేతికివ్వాలి, కాఫీ పెట్టాక స్టవ్ కట్టేయడు, క్రెడిట్ కార్డు దాచిపెట్టకపోతే ఫోనులో ఎవరడిగినా నంబరు చెప్పేస్తాడు. ఆమెను లోపలికి పిలవకపోతే రిపోర్టులో 'తన పనులు తనే చేసుకుంటున్నాడు' అనే పడుతుంది.

కాబట్టి పరీక్షకు ఇంట్లోవాళ్లు పక్కన ఉంటామని ముందే చెప్పి పెట్టుకోవాలి. వీఏ నిబంధనలోనే, రోజువారీ ప్రమాదాల నుంచి కాపాడటానికి మనిషి కావాల్సి రావడాన్ని కూడా 'పక్కన మనిషి అవసరం'గా లెక్కేస్తారు. అన్నం తినిపించాల్సినంత స్థితి ఉంటేనే అని ఎక్కడా లేదు. స్టవ్ సంగతి, రాత్రి తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయిన సంగతి, మందులు రెండుసార్లు మింగిన సంగతి తేదీలతో నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. 21-2680 నంబరు ఫారాన్ని చికిత్స చేసే డాక్టర్‌తో నింపించేటప్పుడు ఆ నోట్‌బుక్ ఆయన ముందు పెట్టండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీఏ అమ్మ కాదు కదా.

కేర్‌గివర్ స్టైపెండ్ ఎవరిది?

పీసీఏఎఫ్‌సీ కూడా 2010లోనే, వేరే చట్టంతో వచ్చింది. మొదట 2001 సెప్టెంబరు 11 తర్వాత గాయపడినవాళ్లకే ఉండేది, 2022 అక్టోబరు నుంచి అన్ని కాలాలవాళ్లకీ తెరిచారు. సైనికుడికి 70 శాతం రేటింగ్ ఉండాలి, కనీసం ఆరు నెలల పాటు ఆగకుండా సంరక్షణ అవసరమై ఉండాలి. 10-10సీజీ ఫారంతో సైనికుడు, కేర్‌గివర్ కలిసి అప్లై చేస్తారు.

టి డబ్బు సైనికుడి పేరున వస్తుంది, ఇది మాత్రం చూసుకునే భార్యకో తల్లికో తమ్ముడికో వస్తుంది. ప్రభుత్వ జీతాల్లో జీఎస్-4 తొలి మెట్టు నెల జీతం ఎంతో, సైనికుడికి సంరక్షణ ఎక్కువ అవసరమైన రెండో స్థాయి కేర్‌గివర్‌కి అంత. మొదటి స్థాయికి అందులో 62.5 శాతం. మామూలు ఖర్చుల ఊళ్లలో రెండో స్థాయికి మూడు వేల డాలర్ల దాకా ఉంటుంది, ఖరీదైన నగరాల్లో ఇంకా ఎక్కువ. డబ్బుతో పాటు వేరే ఇన్సూరెన్స్ లేని కేర్‌గివర్‌కి ఛాంప్‌వీఏ వైద్య బీమా, కౌన్సెలింగ్, ఏడాదికి కనీసం 30 రోజుల విశ్రాంతి సంరక్షణ వస్తాయి. ఆ నెల రోజుల విశ్రాంతి విలువ డాలర్లలో చెప్పలేం. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ చూసుకునే మనిషికే అది తెలుస్తుంది.

ఇక లోపాలు. ఈ స్టైపెండ్ జీతం కిందికి రాదు. పన్ను ఉండదు, బాగానే ఉంది. కానీ సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు కూడా పడవు. ముప్పై ఏళ్ల వయసులో ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్లు భర్తను చూసుకున్న ఆవిడకు, తన రిటైర్‌మెంట్ లెక్కలో ఆ ఇరవై ఏళ్లూ సున్నాలే. సైనికుడు చనిపోతే స్టైపెండ్ 90 రోజుల్లో ఆగిపోతుంది. పైగా మధ్యమధ్య మళ్లీ అంచనా వేస్తారు. పాత లబ్ధిదారుల్లో చాలామంది అర్హత కోల్పోయే పరిస్థితి రావడంతో గొడవ ముదిరి 2022లో వీఏ ఆ తొలగింపులు ఆపాల్సి వచ్చింది. తిరస్కరిస్తే మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డుకి అప్పీలు చేసుకునే హక్కు కూడా 2021లో కోర్టు తీర్పుతోనే గట్టిపడింది. టి-లో ఇంత ఊగిసలాట ఉండదు. గాయం శాశ్వతమని రాసి ఉంటే అది దాదాపు కదలదు. అందుకే నేను టి-ని మొదట పెడతాను.

చూసుకునే భార్య మరో తేదీ కూడా గుర్తుపెట్టుకోవాలి. భర్త మరణం సర్వీసుకి సంబంధించిన కారణంతో జరిగిందని తేలకపోతే, ఆమెకు డీఐసీ అనే పింఛను రావాలంటే అతనికి మరణానికి ముందు పదేళ్ల పాటు వంద శాతం రేటింగ్ ఉండి ఉండాలి. సైన్యం నుంచి బయటికొచ్చిన రోజు నుంచీ ఉంటే ఐదేళ్లు చాలు. ఆ డీఐసీ 2025లో నెలకు 1,653 డాలర్లు. పదకొండు వేలకు దగ్గరగా వస్తున్న ఇంట్లో ఒక్కసారిగా అంతకు పడిపోతుంది. టి డబ్బు వస్తున్నప్పుడే కొంత దాచడం, ఆమె పేరున టర్మ్ పాలసీయో పొదుపో చూసుకోవడం అవసరం.

నర్సింగ్ హోమ్

70 శాతం, అంతకు పైన రేటింగ్ ఉన్నవాళ్లకి అవసరమైన నర్సింగ్ హోమ్ ఖర్చు వీఏ పెట్టుకోవాలని 1999 నుంచీ చట్టం ఉంది. కాగితం మీద ఇది పూర్తిగా ఉచితం. కానీ ఆ హోములు ఎనభై ఏళ్ల వాళ్లకోసం కట్టినవి. ముప్పై రెండేళ్ల కుర్రాడు, కోపం వస్తే బల్ల తోసేసేవాడు, అక్కడ ఇమడడు. మందులు వేసి మత్తులో పెడతారన్న భయం నాకు ఉంది. పైగా వీఏ ఖర్చుతో ఆసుపత్రిలోనో సంస్థలోనో ఉంటే, చేరిన నెల తర్వాత ఇంకో నెల గడిచాక పక్కన మనిషి కోసం ఇచ్చే అదనపు డబ్బు ఆగిపోతుంది. మార్చిలో చేరితే మే ఒకటి నుంచి కోత.

రీహ్యాబ్ కోసం చేర్చడం వేరే విషయం. రిచ్‌మండ్, టాంపా, మినియాపొలిస్, పాలో ఆల్టో, శాన్ ఆంటోనియోల్లో ఉన్న వీఏ పాలీట్రామా కేంద్రాలు తల గాయాల చికిత్సకి పేరున్నవి. తొలి ఏడాది రెండేళ్లలో అక్కడ సీటు దొరికితే డబ్బు కోత గురించి ఆలోచించకుండా చేర్చాలి.

ఇల్లు-సంస్థ మధ్య దారి కూడా ఇప్పుడు కొంచెం వెడల్పయింది. సెనేటర్ ఎలిజబెత్ డోల్ పేరుతో 2025 జనవరిలో సంతకమైన చట్టం ప్రకారం, నర్సింగ్ హోమ్‌కి అయ్యే ఖర్చంత వరకూ వీఏ ఇంట్లో సంరక్షణకే పెట్టొచ్చు. అంతకుముందు అది 65 శాతం దగ్గర ఆగేది. వీఏ సోషల్ వర్కర్‌ని దీని గురించి పేరు పెట్టి అడగండి.

అత్తగారి మాట

ఇండియాకి తీసుకెళ్తే ఎస్‌ఎంసీ టి ఆగదు. వీఏ పరిహారం గుంటూరులో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా వస్తుంది. నెలకు తొమ్మిది లక్షల రూపాయలకు పైనే. ఆ డబ్బుతో రాత్రీ పగలూ మనుషుల్ని పెట్టుకోవచ్చు, ఫిజియోథెరపిస్టుని ఇంటికే పిలిపించుకోవచ్చు, చుట్టూ మనవాళ్లుంటారు. సర్వీసులో వచ్చిన గాయానికి వైద్యం ఖర్చులు ఫారిన్ మెడికల్ ప్రోగ్రాం ఇస్తుంది. మామూలుగా ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపాలి.

పోయేది పీసీఏఎఫ్‌సీ. అది అమెరికాలోనూ దాని భూభాగాల్లోనూ ఉన్నవాళ్లకే. పాలీట్రామా కేంద్రాలు, వీఏ స్పెషలిస్టులు కూడా దూరమవుతారు. గాయమై పదేళ్లు దాటి, స్థితి ఒక దగ్గర నిలిచిపోయి, టి కాగితం చేతికొచ్చాక వెళ్లడం నాకు సబబుగా కనిపిస్తుంది. కొత్త గాయంతో, రేటింగ్ తేలకుండా వెళ్లిపోవడం మాత్రం పెద్ద పొరపాటు. మూర్ఛలు, పార్కిన్సన్ లక్షణాలు, మతిమరుపు లాంటివి తర్వాత వస్తే వాటిని తల గాయం ఫలితంగానే పరిగణించే నియమం 2014 నుంచి ఉంది. కానీ ఇక్కడి వీఏ రికార్డులో అవి ఎక్కితే క్లెయిం సులువవుతుంది.

డబ్బు చూసుకునే శక్తి సైనికుడికి లేదని వీఏ తేలిస్తే ఒక ఫిడ్యూషియరీని పెడుతుంది, తరచుగా భార్యనే. ఆ ఖాతాలోది అతనిపైనా, అతని మీద ఆధారపడ్డవాళ్లపైనా ఖర్చుపెట్టాలి. ఊళ్లో ఆడపడుచు పెళ్లికో, మరిది ఫ్లాటు అడ్వాన్సుకో అందులోంచి పంపడం కుదరదు. ఇది మొదటి రోజే అందరికీ చెప్పేస్తే తర్వాత మాటలు పడకుండా ఉంటుంది.

ఇంకా యూనిఫాంలో ఉండగానే దెబ్బ తగిలితే టీఎస్‌జీఎల్‌ఐ అనే సైనికుల గాయాల బీమా మర్చిపోకండి. కోమాలో 15 రోజులుంటే 25 వేల డాలర్లు, 90 రోజులైతే లక్ష. సోషల్ సెక్యూరిటీ వికలాంగ పింఛనుకి కూడా విడిగా అప్లై చేయాలి. వీఏ డబ్బు వస్తోందని దాన్ని తగ్గించరు. ఇవన్నీ రాయించడానికి గుర్తింపున్న మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా సాయం చేస్తారు. మొదటి క్లెయిం వేయడానికే ఫీజు అడిగేవాళ్లకి ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దు, అలా వసూలు చేయడం చట్టవిరుద్ధం.