థర్మోకోల్‌ను కరిగించే రెసిన్ ఎపాక్సీ కాదు: నెల్లూరు, ఒంగోలు మోడల్ పడవల మిత్రులకు హెచ్చరిక

పడవలు, విమానాల నమూనాలు చేసుకునేవారు రెసిన్ (పూసాక గట్టిపడే చిక్కని ద్రవం) విడిగా కొనేముందు దయచేసి ఇది చదవండి.

పోయిన నెల ఒంగోలులో ఒక దుకాణంలో ఎపాక్సీ అనే రకం రెసిన్ అడిగాను. లేబుల్ లేని కిలో డబ్బా, వేలెడంత హార్డనర్ (రెసిన్‌ను గట్టిపరిచేది) సీసా, ఒక మీటరు ఫైబర్ మ్యాట్ (గాజు నారపోగుల పరుపు) ఇచ్చారు. "ఎపాక్సీయేనండి, అందరూ ఇదే తీసుకెళతారు" అన్నారు. నమ్మాను.

బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు కట్టెలు, ఉప్పు మోసిన పడవలంటే నాకు ప్రాణం. అలాంటి మూడడుగుల పడవను థర్మోకోల్‌తో మూడు వారాలు చెక్కాను. మొదటి పూత వేస్తుండగానే అడుగుభాగం గుంటలు పడింది. కాసేపటికి వెన్ను విరిగినట్టు కుంగిపోయింది. ఘాటైన వాసన ఇల్లంతా నిండింది.

మిగిలిన డబ్బా కొత్తపట్నం తీసుకెళ్లాను. అక్కడ చేపల పడవలకు ఫైబర్ అతికే పెద్దాయన మూత తీసి వాసన చూసి, "ఇది మేము వాడే సరుకే బాబూ" అన్నారు. అంటే పాలియెస్టర్ రెసిన్. చేపల పడవలకు అది మంచి సరుకే. కానీ అందులో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది, అది థర్మోకోల్‌ను తినేస్తుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కనుకనే మనం దాన్ని వెతుక్కుంటాం.

ఆ చిన్న సీసాను చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎపాక్సీకి హార్డనర్ చాలా కావాలి. రకాన్ని బట్టి 100 గ్రాములకు 10 గ్రాములు, కొన్నింటికి 50 గ్రాముల వరకు. పాలియెస్టర్‌కు 1 నుంచి 2 శాతం చాలు. ఆ సీసాలోది మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. కంట్లో పడితే చూపు పోవచ్చు. నా కూతురు పక్కనే కూర్చుని ఉండగా, రక్షణ కళ్లద్దాలు లేకుండా దాన్ని కలిపాను. పడవ పోయినందుకు కాదు, ఇందుకే నాకు ఇంకా కోపం తగ్గలేదు. కొందరు రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కోబాల్ట్ సీసా కూడా ఇస్తారు. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంటలు, పేలుడు. ముందు ఒకదాన్ని రెసిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది వేయాలి.

మ్యాట్ కూడా పనికిరాలేదు. నారపోగులను పట్టి ఉంచే జిగురు చాలా రకాల మ్యాట్లలో స్టైరీన్‌లో కరిగేలా చేసినదే. ఎపాక్సీలో అది మెత్తబడదు, వంపుల్లో ఒదగదు. చిన్న నమూనాలకు నేసిన గాజు గుడ్డే అడగండి, చదరపు మీటరుకు 50 నుంచి 100 గ్రాముల బరువుది.

జేబులో ఒక థర్మోకోల్ ముక్క పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. హార్డనర్ కలపకుండా రెసిన్ చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. గుంట పడితే కొనకండి. కలపవలసిన పాళ్లు ముద్రించి లేని డబ్బా అసలే వద్దు.

తిరిగి ఇవ్వబోతే "తెరిచిన డబ్బా తీసుకోం" అన్నారు. బిల్లు తీసి చూస్తే "రెసిన్, 1 కిలో" అని మాత్రమే ఉంది. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసినా నేను అడిగింది ఎపాక్సీ అని చూపడానికి కాగితం లేదు. మీరు బిల్లు మీద "ఎపాక్సీ" అనే మాట రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడ కొనవద్దు.