స్వరపేటిక నమూనా: ఒక విద్యా సంవత్సరం వాడిన తరువాత

కావలి దగ్గర ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే నేను, శ్వాసక్రియ పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద ఒకే బొమ్మ గీస్తూ వచ్చాను. అందులో స్వరపేటిక వాయునాళం మీద పెట్టిన చిన్న డబ్బాలా ఉంటుందే తప్ప, అది తెరుచుకుంటుందనీ, బిగుసుకుంటుందనీ, మింగినప్పుడు పైకి లేస్తుందనీ పిల్లలకు తట్టదు. ఆ కొరత తీరుతుందనుకుని నిరుడు జూన్‌లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణంలో 3,400 రూపాయలు పెట్టి ఈ ప్లాస్టిక్ నమూనా కొన్నాను.

అసలు స్వరపేటికకు రెండున్నర రెట్లు ఉండే ఈ నమూనా పైన నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముకతో మొదలై, కింద వాయునాళపు రెండో వలయం దగ్గర ఆగిపోతుంది. నిలువునా రెండు భాగాలుగా విడదీయవచ్చు. పెట్టిన డబ్బుకు నిజంగా న్యాయం చేసేది దీని వెనుక వైపు. పాఠ్యపుస్తకాల బొమ్మలు ముందు వైపునే చూపుతాయి కనుక స్వరపేటిక అడుగున ఉండే క్రికాయిడ్ మృదులాస్థి ఒక మామూలు వలయమనే అందరూ అనుకుంటారు. నమూనాను వెనక్కి తిప్పితే, రాయిని అరచేతి వైపుకు తిప్పి పెట్టుకున్న ఉంగరంలా అది ముందు సన్నగా, వెనుక వెడల్పుగా కనిపిస్తుంది. శ్వాసమార్గం మొత్తంలో చుట్టూ పూర్తిగా మూసి ఉన్న మృదులాస్థి వలయం ఇదొక్కటే. దాని వెనుక అంచు మీద కూర్చున్న రెండు చిన్న అరిటినాయిడ్ మృదులాస్థులను వేలితో తిప్పితే, వాటికి అతికి ఉన్న స్వరతంత్రులు దగ్గరికి వస్తాయి, దూరం జరుగుతాయి. ఇది చూసిన రోజు మా తరగతిలో గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

స్వరపేటిక ద్వారం మీద ఆకులా ఉండే ఉపజిహ్విక విషయంలో మాత్రం తయారీదారును మెచ్చుకోలేను. బిగించిన మర ఆగస్టుకే వదులై, ఆకు దానంతట అదే వాలిపోతున్నది. దాన్ని టేపుతో సర్దుకున్నాను కానీ, అంతకన్నా పెద్ద లోపం అది నేర్పే పాఠంలో ఉంది. ఈ నమూనాను చూసిన పిల్లవాడు ఉపజిహ్విక చెంబు మీద మూతలా తనంతట తానే పడుతుందనుకుంటాడు. నిజానికి మింగేటప్పుడు స్వరపేటికే పైకీ ముందుకూ లేచి నాలుక మొదలు కిందికి చేరుతుంది, ఉపజిహ్విక వెనక్కి వంగుతుంది, కింద స్వరతంత్రులు కూడా బిగుసుకుంటాయి. అందువల్ల నమూనాను పక్కన పెట్టి, గొంతు మీద వేలు ఉంచుకుని గుక్కెడు నీళ్ళు మింగమన్నాను. గుటకతో పాటు ముడి పైకి జారడం అందరికీ తెలిసింది. ఆ తొందరలో ఒకడికి పొలమారితే, ఎవరో తలచుకుంటున్నారని వెనుక బల్ల నుంచి మాట వచ్చింది. తలచుకున్నవారి సంగతి ఎలా ఉన్నా, ఆ దగ్గు కూడా స్వరతంత్రుల పనే: అవి గట్టిగా మూసుకుని, లోపల ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

రంగులు నమ్మదగినవి కావు. స్వరతంత్రులకు ఎర్ర రంగు పూశారు. ఆరోగ్యంగా ఉన్న స్వరతంత్రులు ముత్యపు తెలుపులో ఉంటాయి. అంకెల పట్టికలో అసలు స్వరతంత్రుల పేరు, వాటికి పైన ఉండే మిథ్యా స్వరతంత్రుల పేరు తారుమారయ్యాయి. దుకాణదారుకు చెబితే, "అది కంపెనీవాళ్ళ తప్పు సార్, మేమేం చేస్తాం" అన్నాడు. తెలుగు పట్టిక నేనే రాసి అట్టకు అంటించాను.

ధ్వని గురించి ఈ నమూనాతో చెప్పగలిగింది తక్కువ. మగవారి స్వరతంత్రులు మాటలో సెకనుకు దాదాపు 120 సార్లు, ఆడవారివి 200 సార్లకు పైగా కంపిస్తాయని చెప్పడానికి గాలి నింపిన బుడగ మూతిని సాగదీసి కీచుమనిపించడమే మేలు. వాయునాళం రెండు వలయాలతోనే ఆగిపోవడం మరో లోటు. వలయాల వెనుక తెరిపి కనిపిస్తుంది కానీ శ్వాసనాళాల చీలిక లేదు కనుక, పసిపిల్లలు పీల్చిన వేరుశనగ గింజ ఎక్కువగా కుడివైపుకే ఎందుకు పోతుందో దీనితో చూపలేము. కుడి నాళం వెడల్పుగా, పొట్టిగా, ఎక్కువ నిలువుగా ఉంటుందని మళ్ళీ నల్లబల్ల మీదే గీయవలసి వచ్చింది.

కొనదలచినవారు దుకాణంలోనే దీన్ని వెనక్కి తిప్పి, అరిటినాయిడ్లు రెండూ సమానంగా కదులుతున్నాయో లేదో చూసి డబ్బు ఇవ్వండి. నేను చూడకుండా తెచ్చుకున్నదానిలో ఎడమది సగమే తిరుగుతుంది. మార్చి ఇమ్మని అడగాలనుకునే ఊరుకున్నాను. స్వరపేటికకు వచ్చే నరాలలో ఎడమదొకటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని వంపు కిందుగా చుట్టి మళ్ళీ గొంతుకు ఎక్కుతుంది. ఆ దూరమంతటా ఎక్కడ దెబ్బ తగిలినా ఆ వైపు స్వరతంత్రి కదలిక పోయి గొంతు బొంగురుపోతుంది. ఆ నరానికి గుర్తుగా పసుపు ఉన్నిదారాన్ని బల్ల కోడుకు చుట్టి పైకి తెచ్చి ఆ మొండి అరిటినాయిడ్‌కు కట్టాను. అది ఇప్పటికీ అలాగే ఉంది.