నడకా, బరువులా? అరవై దాటిన మగవారి కండబలానికి ఏది మేలు?

"రోజూ గంటసేపు నడుస్తున్నాను కదా, ఇంకా బరువులెందుకు?" అరవై దాటిన మగవాళ్లు తరచూ అనే మాట. గుండెకు, షుగరుకు, బీపీకి నడక మంచిదే, అందులో వాదన లేదు. కండబలం సంగతికొస్తే మాత్రం నా ఓటు బరువులకే.

వయసు మీదపడ్డాక కండలో ఎక్కువగా సన్నబడేవి వేగంగా ముడుచుకునే పోగులు. కాలు జారినప్పుడు చటుక్కున అడుగు వేయించేవి, కుర్చీలోంచి ఒక్క ఊపున లేపేవి ఇవే. తాపీ నడకలో వీటికి పెద్దగా పని పడదు. బరువు గట్టిగా ఎత్తాల్సి వచ్చినప్పుడు బాగా కదులుతాయి.

1988లో ఫ్రాంటెరా అనే పరిశోధకుడి బృందం 60–72 ఏళ్ల మగవారిచేత వారానికి మూడు రోజుల చొప్పున 12 వారాలు తొడలకు వ్యాయామం చేయించింది. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 80 శాతం పెట్టి. మోకాలు చాచి ఎత్తే బరువు రెట్టింపు దాటింది. తొడకండ మాత్రం పెరిగింది సుమారు 11 శాతమే. అంటే మొదట్లో లాభం చాలావరకు నరాలది, ఉన్న కండనే అవి మెరుగ్గా పనిచేయిస్తాయి. అద్దంలో తేడా కనిపించలేదని రెండో నెలలో మానేసేవాళ్లు ఇది గమనించాలి. ఇంకో మెలిక: ఆ రెట్టింపు, సాధన చేసిన ఎత్తుడులోనే. వేరే యంత్రం మీద కొలిస్తే పెరుగుదల 20 శాతం లోపే. ఏ పనికి బలం కావాలో ఆ కదలికనే సాధన చేయాలి. కుర్చీలోంచి లేవడం కష్టమైతే చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమే మీ వ్యాయామం.

ఇక పెద్ద బరువా, చిన్న బరువా? చిన్న బరువైనా, రబ్బరు బ్యాండైనా కండ అలసిపోయేదాకా చేస్తే దాదాపు అంతే పెరుగుతుంది. బలం మాత్రం పెద్ద బరువుతోనే ఎక్కువ వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చిన్నదే నయం. ఏదైనా సరే, ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టరుని అడగాలి.

నడక మానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో రెండూ ఉన్నాయి: వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ, రెండు రోజులైనా కండలకు పని. 65 దాటితే మూడు రోజులు తూలకుండా నిలదొక్కుకునే సాధన కూడా. మగవాళ్లు ఎగ్గొట్టేది ఎక్కువగా రెండోది, మూడోది. నడకలోంచి ఓ అరగంట తగ్గించి అయినా వాటికి ఇవ్వండి. ఎత్తుతున్న బరువు సులువనిపించిన రోజున కాస్త పెంచండి.