తాగే బంకమట్టి పొడి కొంటున్నారా? మా అమ్మకి ఏమైందో చదివి కొనండి

ఆన్‌లైన్‌లో "కడుపు శుభ్రం చేసే సహజమైన మట్టి" అంటూ బెంటొనైట్ అనే బంకమట్టి పొడి కనిపిస్తే జాగ్రత్త. మేం కొని చేతులు కాల్చుకున్నాం.

అమ్మకి ఎప్పటినుంచో గ్యాస్, మలబద్ధకం. ఏదో రీల్ చూసి నేనే పావుకిలో ప్యాకెట్ తెప్పించాను, 499 రూపాయలు. పరగడుపున అర చెంచా పొడి గ్లాసుడు నీళ్లలో కలిపి తాగాలట. చెంచాతో తిప్పుతుంటేనే గంజిలా చిక్కబడింది. వారం తిరక్కుండానే మలబద్ధకం ఇంకా ఎక్కువైంది. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే "విషాలు బయటికొస్తున్నాయి, ఆపకండి" అన్నారు. నేనూ నమ్మాను, అదీ నా తెలివి!

అమ్మ థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంది. రెండు నెలలకి థైరాయిడ్ టెస్ట్ చేయిస్తే, 3 దగ్గరుండే టీఎస్‌హెచ్ (మాత్ర ఒంటికి సరిపోకపోతే పెరిగే హార్మోన్) 11కి చేరింది. డోసు పెంచబోతూ డాక్టర్ గారు "కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు కాబట్టి సరిపోయింది. థైరాయిడ్ మాత్ర వేసుకున్న పావుగంటకే అమ్మ ఈ నీళ్లు తాగేది. బంకమట్టి దొరికినదాన్నల్లా పట్టేసుకుంటుంది, మాత్రకీ విషానికీ తేడా దానికేం తెలుసు? పారాక్వాట్ కలుపుమందు తాగినవాళ్లకి ఆస్పత్రుల్లో ఫుల్లర్స్ ఎర్త్, అంటే మన ముల్తానీ మట్టి రకమే, తాగించేది ఈ గుణం కోసమే. మట్టిలో మందు గుణం లేదని నేననను. పొడి మానేశాక అమ్మకి టీఎస్‌హెచ్ పాత డోసుతోనే దిగింది.

ఇంటికొచ్చి ప్యాకెట్ తిరగేశాను. కింద మడతలో చీమ తలకాయంత అక్షరాల్లో "బాహ్య వినియోగానికి మాత్రమే" అని ఉంది! తినే వస్తువుల మీద ఉండాల్సిన 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, సీసం ఎంతుందో చూసిన ల్యాబ్ రిపోర్టు అసలే లేదు. ఇది గనిలోంచి తవ్వి తీసే ఖనిజం, గుజరాత్‌లోని కచ్ నుంచి టన్నుల్లో వస్తుంది, బోరు డ్రిల్లింగ్‌కీ పోత పోసే ఫౌండ్రీలకీ అదే వాడతారు. సీసం భయం ఉత్తిది కాదు. 2016లో అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఒక బెంటొనైట్ పొడిని ఇందుకే వాడొద్దంది. 2019లో ఫ్రాన్స్ మందుల సంస్థ, విరేచనాలకిచ్చే మట్టి మందుని కూడా రెండేళ్లలోపు పిల్లలకి వద్దని చెప్పింది. గర్భిణులూ దూరంగా ఉండండి. బలపాలు, మట్టి తినాలనిపిస్తే రక్తం తక్కువైందేమో చూపించుకోండి.

ప్యాకెట్ విప్పారు కాబట్టి డబ్బు తిరిగివ్వం అన్నారు. నిన్న చూశాను, అదే పొడి, అదే ఫొటో. ముందు "ప్రీమియం" అని తగిలించి 599 చేశారు.