రాయగడ బజారులో కొన్న మూడరల స్టీలు డబ్బా

బడి పిల్లల కోసం రాయగడ బజారులో కొన్న ఈ మూడరల స్టీలు డబ్బా, ప్లాస్టిక్‌లాగా పసుపు మరకను గానీ పులుసు వాసనను గానీ పట్టుకోదు కనుక, తరచూ పులిహోర కట్టే మా వంటి ఇళ్లకు బాగా సరిపోతుంది. పెద్ద అరలో అన్నం, పక్కదానిలో ఆకుకూర పప్పు, చిన్నదానిలో జామముక్కలు పడతాయి. ఈ కొండ ప్రాంతాల్లో విరివిగా పండే రాగులతో వేసిన అట్టును కూడా మడిచి పెట్టవచ్చు.

అరల మధ్య గోడలు మూతను ఆనకపోవడం వల్ల, సంచి ఒరిగిందంటే పప్పు జామముక్కల్లోకి పారుతుంది. అమ్మినాయన మాత్రం చుక్క కారదని గట్టిగా చెప్పాడు. వేడివేడిగా సర్ది వెంటనే మూత బిగిస్తే లోపలి ఆవిరి నీరై అట్టును నానబెట్టడమే కాక, చల్లారాక మూత బిగుసుకుపోయి పసిచేతులకు ఊడిరాదు. మూత అంచున ఉన్న సిలికాన్ రింగును విడిగా తీసి కడగకపోతే దాని కింద జిడ్డు పేరుకుంటుంది. పెరుగన్నానికి వేరే గిన్నె కొనవలసిందే.