రషోమోన్: ముందు సినిమా చూడాలా, కథ చదవాలా?

జపాన్ దర్శకుడు అకిరా కురోసావా 1950లో తీసిన ‘రషోమోన్’ సినిమా చూసి, మూలకథ చదువుదామని అదే పేరున్న కథ తెరిచినవారికి చిన్న మోసం ఎదురవుతుంది. ర్యూనొసుకె అకుతాగవా 1915లో రాసిన ఆ కథలో, సినిమాకు కేంద్రమైన సమురాయ్ (యోధుడి) హత్యే లేదు. వాన, పాడుబడిన నగరద్వారం, కొలువు పోయిన ఒక నౌకరు, శవాల తలల నుంచి వెంట్రుకలు పీకే ముసలమ్మ ఉంటారు. ఆ వెంట్రుకలు సవరాలకట. బందిపోటు, సమురాయ్, అతని భార్య ఉన్నది ఆయనే 1922లో రాసిన ‘యబు నో నక’లో. ‘పొదల్లో’ అని అర్థం. సినిమా మొదటి కథ నుంచి గుమ్మాన్నీ, రెండోదాని నుంచి గొడవనూ తీసుకుంది. కాబట్టి పోటీ సినిమాకూ ‘పొదల్లో’కూ మధ్యే.

కథలో కథకుడు కనిపించడు. ఉన్నవన్నీ వాంగ్మూలాలే, మొత్తం ఏడు. కట్టెలు కొట్టేవాడు, బౌద్ధ భిక్షువు, బందిపోటును పట్టుకున్న అధికారి, చనిపోయిన సమురాయ్ అత్తగారు ముందు మాట్లాడతారు. అల్లుడికి 26 ఏళ్లు, కూతురికి 19 అని చెప్పి ఆవిడ ఏడుస్తుంది. తర్వాత అసలు ముగ్గురు. ఎక్కడైనా నేరం నాది కాదంటే నాది కాదని తప్పించుకుంటారు. ఇక్కడ ముగ్గురూ నాదంటే నాదని మీద వేసుకుంటారు. కత్తులు 23వసారి తగిలినప్పుడు పొడిచానంటాడు బందిపోటు తజోమారు. ఆ లెక్క చెప్పడంలోనే మనిషి తెలిసిపోతాడు. నా చేత్తో నేనే పొడిచానంటుంది భార్య. పూనకంలో ఉన్న స్త్రీ నోటి గుండా, నన్ను నేనే చంపుకున్నానంటాడు చనిపోయినవాడు. చావు కూడా పరువు పట్టింపును వదిలించలేదన్నమాట.

సినిమా అత్తగారిని తీసేసింది. భార్య మాటను కాస్త మెత్తబరిచింది: బాకు పట్టుకుని స్పృహ తప్పానని, తెలివి వచ్చేసరికి అది భర్త గుండెలో ఉందని మాత్రమే అంటుంది. నాకిది నచ్చలేదు. కథలోని భార్య మసాగొ ‘నేనే చంపాను’ అని సూటిగా అనడంలో ఉన్న బరువు ఇక్కడ తగ్గింది.

అయితే కథకు సాధ్యం కానిది సినిమా ఒకటి చేసింది. మొదట బందిపోటు చెప్పినట్టుగా కత్తియుద్ధం చూస్తాం: ఇద్దరు వీరులు, ఎగిరి దూకడాలు, మధ్యలో తజోమారుగా తొషిరో మిఫునే నవ్వు. చివర్లో కట్టెలు కొట్టేవాడు చెప్పినట్టుగా అదే యుద్ధం మళ్లీ వస్తుంది. ఈసారి ఇద్దరి చేతులూ వణుకుతుంటాయి. కత్తి కత్తికి తగలగానే ఇద్దరూ చెరోవైపు పరుగెడతారు. జారిపడతారు, ఆకుల మీద పాకుతారు. సంగీతం ఉండదు, ఎగశ్వాసే వినిపిస్తుంది. చంపినవాడి ముఖంలో కూడా భయమే. 23 సార్లు కత్తులు కలిపానన్న గొప్ప ఏపాటిదో ఆ రొప్పు చెబుతుంది. కాగితం మీద ఇది రాయవచ్చు, కానీ మొదటి యుద్ధం ఇంకా కళ్లలో ఉండగా రెండోది వచ్చి దాన్ని వెక్కిరించడం తెర మీదే కుదురుతుంది.

ఛాయాగ్రాహకుడు కజువొ మియగావా కెమెరాను నేరుగా సూర్యుడి వైపు తిప్పడం, అడవి చీకట్లోకి అద్దాలతో వెలుగు పంపడం, వాన తెర మీద కనిపించాలని నీళ్లలో నల్లరంగు కలపడం చాలామంది రాశారు, వదిలేస్తాను. విచారణ దృశ్యాలను మాత్రం గమనించండి. న్యాయాధికారి కనిపించడు, గొంతు కూడా వినపడదు. అందరూ మనకేసి చూసి చెబుతారు. కథలో మనం ఫైలు తిరగేస్తున్నాం, సినిమాలో న్యాయపీఠం మీద కూర్చున్నాం.

తేడా అంతా తేలేది ఒక చెయ్యి దగ్గర. కథ చివర, కొన ఊపిరితో పడి ఉన్న సమురాయ్ దగ్గరికి ఎవరో చప్పుడు లేకుండా వచ్చి ఛాతీలోంచి బాకు లాగేస్తారు. ఎవరన్నది అకుతాగవా చెప్పడు. కురోసావా, షినొబు హషిమొతొ రాసిన స్క్రీన్‌ప్లే ఆ చేతికి మనిషిని వెతికి పెట్టింది: ఇన్నాళ్లూ నిజం చెబుతున్నట్టు కనిపించిన కట్టెలు కొట్టేవాడే ఆ బాకు కాజేశాడు. సాక్షి కూడా దొంగ కావడం గొప్ప మలుపే. దాంతో పాటే వచ్చే, ద్వారం దగ్గర ఎవరో వదిలేసిన పసిబిడ్డ, ఆ బిడ్డను అతను ఇంటికి తీసుకుపోవడం, వాన వెలియడం నాకు అతికించినట్టే ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి దాదాపు ఐదేళ్లే అయిన జపాన్‌లో ఆ ఊరట అవసరమై ఉండవచ్చు. కథ అలాంటి ఊరటేమీ ఇవ్వదు.

మనకు తెలిసిన ‘పోతురాజు’ను, అంటే కమల్ హాసన్ తమిళ ‘విరుమాండి’ అనువాదాన్ని, ఈ కోవలోనే చెబుతారు. ఒకే గొడవను ఇద్దరు ఖైదీలు చెబుతారు, నిజమే. కానీ రెండో కథనం పూర్తయ్యేసరికి ఎవరిని నమ్మాలో సందేహం మిగలదు. చుట్టరికం ఉంది, పోలిక తక్కువ.

సినిమా ముందు చూడండి, ఆ తర్వాతే కథ. కథ ముందు చదివితే, సినిమాలో కట్టెలు కొట్టేవాడి చివరి వాంగ్మూలం ప్రశ్నపత్రానికి జవాబులాగా తగులుతుంది. ఇదే నిజమని నమ్మి ఊరుకుంటాం, చెబుతున్నది బాకు దొంగే అని మరిచిపోతాం. వెనక చదివితే, కథ చివర బాకు లాగిన ఆ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి అది ఎవరిదో మీకు తెలుసుననే అనుకుంటారు. ఒక్కసారి వెనక్కి తిరగేసి, కట్టెలు కొట్టేవాడి మొదటి మాటలు మళ్లీ చదవండి. శవం దగ్గర కత్తి కనిపించలేదంటాడు, తాడు, దువ్వెన మాత్రం చూశానంటాడు. అంతకు మించి అతని మీద ఒక్క ఆధారమూ దొరకదు.