గంట టర్ఫ్ స్లాట్: ముప్పై దాటిన మగవాళ్లకు గిట్టుబాటేనా?

చుట్టూ వల కట్టి, ఫ్లడ్‌లైట్లు బిగించి, ఫుట్‌బాల్ ఆడుకోవడానికి గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు (కృత్రిమ గడ్డి మైదానాలు) హైదరాబాద్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. టర్ఫ్ వాళ్లు అమ్మే సరుకు అరవై నిమిషాలు. సరిగ్గా వాడుకుంటే జిమ్ చందా కంటే మంచి బేరం, లేకపోతే మోకాలికి గండం.

లాభం మాటల్లోది కాదు. కోపెన్‌హాగెన్ పరిశోధకులు వ్యాయామం అలవాటు లేని మగవాళ్లతో వారానికి రెండు మూడు సార్లు, గంట చొప్పున, 12 వారాలు చిన్న జట్ల ఫుట్‌బాల్ ఆడించారు. ఆటలో గుండె వేగం సగటున గరిష్ఠంలో 80 శాతం దాటింది. దమ్ము పెరిగింది, బీపీ దిగింది, కొవ్వు కరిగి కండ పట్టింది. వారానికో ఆదివారం ఆడి అంత ఫలితం ఆశించకండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు జనం లెక్క. తలా కొంత అద్దె తగ్గుతుందని చిన్న టర్ఫ్‌లోకి పదహారు మందిని దింపితే సగం మంది నిలబడి కేకలేస్తుంటారు. ఐదుగురికి ఐదుగురు చాలు. గోల్‌కీపర్‌ను ఐదేసి నిమిషాలకు మార్చండి, లేకపోతే అతనికి గుండె వ్యాయామం సున్నా. పదేసి నిమిషాల ఆటలు నాలుగు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం, చివర్లో నడక.

వార్మప్‌కు స్లాట్ ఖర్చు చేయడం ఎవరికీ ఇష్టముండదు. తొడ వెనక కండరం, పిక్క పట్టేసేది అందుకే. పావుగంట ముందే వచ్చి బయటే కానివ్వండి. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ పూర్తిగా చేస్తే 20 నిమిషాలు. అంత ఓపిక లేకపోతే ఐదారు నిమిషాలు నెమ్మదిగా జాగింగ్, ఒంటికాలిపై 30 సెకన్ల చొప్పున నిలబడటం, కొన్ని స్క్వాట్లు చేయండి. తర్వాత మోకాళ్లపై నిలబడి, మడమలను స్నేహితుడు పట్టుకోగా, ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలడం మూడు నుంచి ఐదు సార్లు. ఆఖర్న ముప్పాతిక వేగంతో రెండు పరుగులు.

బూట్ల అడుగున పొట్టి రబ్బరు బుడిపెలు చాలా ఉండాలి. పెట్టె మీద టీఎఫ్ (TF, అంటే టర్ఫ్) అని ఉంటుంది. పొడవాటి స్టడ్‌లు గడ్డిలో ఇరుక్కుంటాయి. పాదం ఆగి ఒళ్లు తిరిగితే తెగేది మోకాలి లిగమెంటే. రన్నింగ్ షూలతో చీలమండ మడత పడుతుంది.

బుక్ చేసే ముందు గోల్ ముందు భాగం తొక్కి చూడండి. గడ్డి పీచు పడుకుని, దాని మధ్య చల్లిన రబ్బరు గుళికలు కొట్టుకుపోయి ఉంటే అది సిమెంటుతో సమానం. అతుకులు లేచినా, వల స్తంభాలకు మెత్తలు లేకపోయినా వేరే చోటు చూసుకోండి. ఎండలో కృత్రిమ గడ్డి గాలి కంటే చాలా ఎక్కువగా కాగుతుంది. వేసవిలో మధ్యాహ్నం స్లాట్ చౌకగా ఇచ్చేది ప్రేమతో కాదు!

నలభై దాటినా, బీపీ, షుగర్ మందులు వాడుతున్నా, సిగరెట్ తాగుతున్నా మొదటి ఆటకు ముందే డాక్టర్‌ను కలవండి. జ్వరం ఉన్నప్పుడు ఆడొద్దు. ఛాతీ బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగకుండా ఆట ఆపి 108కి ఫోన్ చేయాలి.